విశ్వాసం, ప్రజాసేవ, ఇంటర్న్‌షిప్: వాషింగ్టన్ సెమిస్టర్ మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో క్రైస్తవ కళాశాలల్లో చదివే పిల్లలు ఒక సెమిస్టర్ పాటు క్యాంపస్ వదిలి వాషింగ్టన్ డీసీలో ఉంటారు. వారంలో కొన్ని రోజులు ప్రజలకు సంబంధించిన ఏదో ఒక కార్యాలయంలో ఇంటర్న్‌గా పనిచేస్తారు. మిగతా రోజులు విశ్వాసానికీ రాజ్యపాలనకూ ఉన్న సంబంధం మీద తరగతులు. క్రైస్తవ కళాశాలల మండలి ఇలాంటి కార్యక్రమాన్ని 1976లోనే మొదలుపెట్టింది. మిషిగన్‌లోని కాల్విన్ విశ్వవిద్యాలయం లాంటివి సొంతంగానూ నడిపాయి. ఈ నెల ఉత్తరాలన్నీ దీని మీదే.

*మా అమ్మాయి థర్డ్ ఇయర్. వచ్చే సెమిస్టర్ వాషింగ్టన్ వెళ్తానంటోంది. అది బైబిల్ కాలేజీ లాంటిదా, ఉద్యోగమా? చదువు వెనకబడదు కదా? – ఒక తల్లి*

రెండూ కాదండీ. చదువులో భాగమే. లెక్క చూస్తే మీకే తెలుస్తుంది. సెమిస్టర్ సుమారు 15 వారాలు. వారానికి మూడు రోజులు, రోజుకు 8 గంటలు ఆఫీసులో ఉంటే మొత్తం 360 గంటలు. ఒక క్రెడిట్ అంటే సుమారు 45 గంటల పని అన్నది అమెరికా కళాశాలల్లో వాడుకలో ఉన్న కొలత. ఆ లెక్కన ఇంటర్న్‌షిప్‌కు 8 క్రెడిట్లు వస్తాయి. మిగతా రెండు రోజుల్లో రెండో మూడో కోర్సులు. అన్నీ కలిపి కనీసం 12 ఉంటే ఆమె ఫుల్‌టైమ్ విద్యార్థినే. కాకపోతే గంటలూ క్రెడిట్లూ ఒక్కో కార్యక్రమంలో ఒక్కోలా ఉంటాయి. ఆ క్రెడిట్లు మేజర్‌కు (ప్రధాన సబ్జెక్టుకు) లెక్కలోకి వస్తాయా, లేక ఖాళీ ఎలక్టివ్‌లుగా పడిపోతాయా అన్నది సొంత కాలేజీ రిజిస్ట్రార్ దగ్గర ముందే ఈమెయిల్ మీద తేల్చుకోవాలి. నోటిమాట పనికిరాదు. గ్రాడ్యుయేషన్ ఒక సెమిస్టర్ ఆలస్యమైందని బాధపడేవాళ్లలో ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే.

ఇక విశ్వాసం సంగతి. ఆఫీసులో బైబిల్ స్టడీ పెడతారేమో అనుకుంటారు చాలామంది. పెట్టరు. విశ్వాసం గురించిన ఆలోచన తరగతి గదిలో జరుగుతుంది. ప్రభుత్వం ఎంతవరకు వెళ్లాలి, కుటుంబం, సంఘం (చర్చి), బడి ఎవరి పని వారు ఎలా చూసుకోవాలి అన్న చర్చలు ఉంటాయి. నెదర్లాండ్స్‌కు 1901 నుంచి 1905 వరకు ప్రధానిగా ఉన్న అబ్రహాం కైపర్ చెప్పిన వేర్వేరు అధికార పరిధుల సిద్ధాంతం, కింది స్థాయిలో జరిగే పనిని పై స్థాయి లాక్కోకూడదన్న కాథలిక్ సూత్రం, పాలకులకు లోబడమనే రోమా 13కూ, మనుషులకన్నా దేవుడికే లోబడాలనే అపొస్తలుల కార్యములు 5:29కీ మధ్య ఉన్న బిగువు, ఇలాంటివి చదివిస్తారు. వారం మొదట్లో గృహవసతి బిల్లు మీద వచ్చిన ఫోన్లు ఎత్తిన పిల్ల, అదే వారం చివర్లో గృహవసతి ఎవరి బాధ్యత అని వాదిస్తుంది. ఈ సెమిస్టర్‌లో అసలు లాభం ఆ రెండూ ఒకే వారంలో జరగడమే.

*నా రెజ్యూమెలో చర్చి పనులు తప్ప ఏమీ లేవు. అవి రాస్తే సెక్యులర్ ఆఫీసువాళ్లు పక్కన పడేస్తారా?*

పడేయరు. మీరు రాసే తీరును బట్టి పడేస్తారు. ‘యూత్ పరిచర్యలో చురుగ్గా పాల్గొన్నాను’ అన్న వాక్యం వాళ్లకు ఏమీ చెప్పదు. ‘రెండేళ్లు, ప్రతి ఆదివారం, 6 నుంచి 9 ఏళ్ల పిల్లలు 25 మందికి పాఠం; నలుగురు వాలంటీర్ల డ్యూటీ చార్టు నా బాధ్యత’ అని రాయండి. సంఘంలో పెద్దలకు ఆసుపత్రి ఫారాలు నింపిపెట్టి ఉంటే, తెలుగులోంచి ఇంగ్లిషులోకి అనువదించి ఉంటే, కానుకల లెక్క రాసి ఉంటే, అవన్నీ కార్యాలయ నైపుణ్యాలే. ‘సాక్ష్యం’, ‘భారం’, ‘పిలుపు’ లాంటి సంఘం లోపలి మాటలు మాత్రం కవర్ లెటర్‌లో వద్దు. బయటివాళ్లకు అర్థం కావు. అబద్ధమాడమని కాదు, అనువదించమని.

కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) ఆఫీసులకైతే ముందు మీ సొంత నియోజకవర్గ ప్రతినిధికీ, మీ రాష్ట్రపు ఇద్దరు సెనేటర్లకూ దరఖాస్తు పెట్టండి. సొంత ఊరి పిల్లలకే మొదటి మొగ్గు. సెమిస్టర్ మొదలయ్యే మూడు నాలుగు నెలల ముందే దరఖాస్తులు వెళ్లాలి. రాసిన నమూనా అడుగుతారు. ఇరవై పేజీల టర్మ్ పేపరు పంపకండి, రెండు పేజీలు చాలు.

*కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసులో సీటు దొరికింది. ఇంటర్న్‌లకు ఏం పని ఇస్తారు? చట్టాల తయారీలో చెయ్యి పెట్టనిస్తారా?*

మొదటి నెల ఆ ఆశ పెట్టుకోకండి. మీ పని ఫోను. ఒక్కో ప్రతినిధి వెనక సగటున 7 లక్షల 60 వేల మంది జనం ఉంటారు. ఏదైనా బిల్లు వార్తలకెక్కిన రోజు తెల్లారి ఆఫీసు తెరవగానే మొదలైన మోత సాయంత్రం దాకా ఆగదు.

ప్రతి ఫోనుకూ నాలుగు వివరాలు రాయాలి: పేరు, పూర్తి చిరునామా, ఏ బిల్లు, అనుకూలమా వ్యతిరేకమా. జిప్ కోడ్ ఒక్కటే చాలదు. ఒకే జిప్ కోడ్ రెండు నియోజకవర్గాల్లోకి చీలి ఉండొచ్చు కాబట్టి వీధి పేరూ కావాలి. పక్క నియోజకవర్గం వాళ్లయితే మర్యాదగా వాళ్ల ప్రతినిధి ఆఫీసు నంబరు చెప్పాలి. బిల్లు నంబరు దగ్గర తప్పులు ఎక్కువ. ప్రతినిధుల సభ బిల్లుకు ముందు హెచ్.ఆర్. ఉంటుంది, సెనేట్ బిల్లుకు ఎస్. ఉంటుంది. అంకె ఒకటే అయినా అవి రెండు వేర్వేరు బిల్లులు కావచ్చు. పైగా రెండేళ్లకోసారి కొత్త కాంగ్రెస్‌తో అంకెలు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి.

నోటు ఇలా ఉండాలి: ‘ఫలానా ఆవిడ, ఫలానా వీధి. ఆహార సహాయంలో కోత వద్దంటున్నారు. భర్తకు పని పోయింది, ఇద్దరు పిల్లలు. ఉత్తరం ద్వారా జవాబు కావాలి.’ అంతే. ‘చాలా కోపంగా ఉన్నారు’ అని రాసి వదిలేస్తే జవాబు రాసేవాళ్లకు చేతికి ఏమీ దొరకదు. సభ్యుడు ఎలా ఓటేస్తాడో మీరు ఊహించి చెప్పకూడదు, మీ సొంత అభిప్రాయం అసలే చెప్పకూడదు. ‘మీ మాట ఆయనకు చేరవేస్తాను’ అన్నది సరైన జవాబు. చేరవేయడం కూడా నిజంగా చేయాలి. అరగంట తిట్టిన మనిషి నోటును కూడా సరిగ్గా రాయడమే ఇక్కడ పొరుగువాణ్ని ప్రేమించడం అంటే, మా లెక్కలో.

రెండో రకం పని సొంత సమస్యలతో వచ్చేవాళ్లది: వీసా ఆగింది, మాజీ సైనికుడి పింఛను రాలేదు, సోషల్ సెక్యూరిటీ చెక్కు తప్పింది. ఇక్కడ ఇంటర్న్‌లు చేసే పెద్ద పొరపాటు, జాలితో వెంటనే ఆ ప్రభుత్వ శాఖకు ఫోన్ చేయడం. 1974 నాటి ప్రైవసీ చట్టం ప్రకారం, సంబంధిత వ్యక్తి రాతపూర్వక అనుమతి లేకుండా ఆ శాఖ వివరాలు ఇవ్వదు. ముందు సమ్మతి పత్రం మీద సంతకం, కేసు నంబరు తీసుకోవాలి. ఆ తర్వాతే ఫోను. సంతకం భర్త పెట్టి, కేసు భార్య పేరు మీద ఉంటే పత్రం వెనక్కి వస్తుంది, పది రోజులు పోతాయి.

తర్వాత సభా సంఘాల విచారణలకు పంపుతారు. తిరిగొచ్చాక ఒక పేజీ నోటు రాయాలి. ఎవరు ముందు మాట్లాడారు, ఎవరు తర్వాత అన్న వరసలో రాయకండి. మొదటి రెండు పంక్తుల్లో మన సభ్యుడికి పనికొచ్చేది ఏముందో రావాలి. మిగతాది కింద.

ఆఫీసు ఫోనూ, కంప్యూటరూ, పనివేళలూ ఎన్నికల ప్రచారానికి వాడకూడదు. సభ నిబంధనలు దీన్ని ఒప్పుకోవు. ఆఫీసులో విన్నది సోషల్ మీడియాలో పెట్టడం అన్నింటికన్నా త్వరగా ఇంటికి పంపించే తప్పు.

*ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద డిగ్రీ చదువుతున్నాను. ఆగస్టులో వచ్చాను. జనవరిలోనే ఈ సెమిస్టర్‌కు వెళ్లొచ్చా? జీతం లేని పనికి సీపీటీ (చదువులో భాగంగా పనిచేయడానికి ఇచ్చే అనుమతి) అక్కర్లేదని సీనియర్లు అంటున్నారు.*

జనవరికి వెళ్లలేరు. సీపీటీకి ముందు ఒక పూర్తి విద్యా సంవత్సరం ఫుల్‌టైమ్‌గా చదివి ఉండాలి. చేరగానే శిక్షణ తప్పనిసరి అన్న కొన్ని పీజీ కోర్సులకే మినహాయింపు ఉంది. మీది డిగ్రీ కాబట్టి వర్తించదు.

సీనియర్ల మాట నమ్మకండి. క్రెడిట్ కోసం చేసే ఇంటర్న్‌షిప్‌కు, జీతం ఉన్నా లేకపోయినా, సీపీటీ తీసుకోవడమే క్షేమం. జీతమిచ్చి చేయించుకునే పనిని ‘వాలంటీర్‌గా చేస్తున్నాను’ అంటే అది వాలంటీరింగ్ అయిపోదు.

క్రమం ఇదీ. ముందు ఇంటర్న్‌షిప్ ఆఫర్ లెటర్: సంస్థ పేరు, పనిచేసే చిరునామా, మొదలు, ముగింపు తేదీలు, వారానికి గంటలు. ఆ పని మీ కోర్సులో భాగమని చెప్పే సలహాదారు లేఖ. క్రెడిట్ కోర్సులో రిజిస్ట్రేషన్. ఈ మూడూ డీఎస్‌ఓకి (కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారికి) ఇస్తే, సీపీటీ నమోదైన కొత్త ఐ-20 (విదేశీ విద్యార్థికి కాలేజీ ఇచ్చే అర్హతా పత్రం) వస్తుంది. అందులో వేసిన తేదీకి ఒక్క రోజు ముందు ఆఫీసుకెళ్లి పని మొదలుపెట్టినా అనధికార ఉద్యోగమే. ‘ట్రైనింగే కదా, సోమవారం రమ్మన్నారు’ అన్న సాకు చెల్లదు.

గంటల దగ్గర ఇంకో మెలిక ఉంది. వారానికి 20 గంటలు దాటితే అది ఫుల్‌టైమ్ సీపీటీ. పైన చెప్పిన మూడు రోజుల ఏర్పాటులో 24 గంటలు కాబట్టి మీది ఫుల్‌టైమ్ కిందకే వస్తుంది, పార్ట్‌టైమ్ అని రాయించకండి. భయం అక్కర్లేదు: ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితేనే ఓపీటీ (చదువు తర్వాత పనిచేసే అనుమతి) పోతుంది, ఇది మూడున్నర నెలలే. వాషింగ్టన్‌లో చిరునామా మారిన 10 రోజుల్లోపు డీఎస్‌ఓకి తెలపాలి. ఆ సెమిస్టర్ మీ సొంత కాలేజీ రిజిస్టర్‌లో ఫుల్‌టైమ్‌గా కనిపించాలి. వేరే సంస్థ దగ్గర నమోదై సొంత కాలేజీలో ఖాళీగా కనిపిస్తే ఎఫ్-1 స్టేటస్‌కే ముప్పు.

కాంగ్రెస్ ఆఫీసుల్లో జీతం తీసుకోవడానికి పౌరసత్వ నిబంధనలున్నాయి. మీరు విశ్వాస ప్రాతిపదికన నడిచే స్వచ్ఛంద సంస్థల వైపు చూడండి. ఆకలి సమస్య మీద చట్టసభల్లో గొంతు వినిపించడానికి 1974లో మొదలైన బ్రెడ్ ఫర్ ద వరల్డ్, 1943 నుంచి ఉన్న క్వేకర్ల జాతీయ శాసన కమిటీ, మనుషుల అక్రమ రవాణా మీద పనిచేసే ఇంటర్నేషనల్ జస్టిస్ మిషన్ ఇలాంటివే. విదేశీ విద్యార్థుల్ని తీసుకుంటారా అన్నది మొదటి ఈమెయిల్‌లోనే అడిగేయండి. ఇంటర్వ్యూ మూడో రౌండులో తెలిస్తే ఇద్దరికీ టైమ్ దండగ.

*ఫీజు కట్టి మరీ ఉచితంగా పనిచేయడమేంటి? – ఒక తండ్రి*

న్యాయమైన ప్రశ్నే. కార్మిక శాఖ 2018 జనవరిలో తెచ్చిన కొలమానం ప్రకారం, ఒక వ్యాపార సంస్థలో ఇంటర్న్‌కు జీతం ఇవ్వకుండా ఉండాలంటే ఆ ఏర్పాటు వల్ల ప్రధాన లాభం విద్యార్థికే కలగాలి. చదువుతో ముడిపడి ఉందా, జీతం తీసుకునే ఉద్యోగి పనిని ఇంటర్న్‌తో లాగించేస్తున్నారా, ఇలా ఏడు అంశాలు చూస్తారు. ప్రభుత్వ కార్యాలయాలకూ, స్వచ్ఛంద సంస్థల్లో వాలంటీర్లకూ వేరే వెసులుబాట్లున్నాయి.

ఈ మధ్య పరిస్థితి మెరుగైంది. 2018లో కాంగ్రెస్ తన ఇంటర్న్‌ల జీతానికి ప్రత్యేకంగా నిధి కేటాయించింది. వైట్‌హౌస్ ఇంటర్న్‌లకు 2022 ఫాల్ సెమిస్టర్ నుంచి డబ్బు ఇవ్వడం మొదలైంది. గంటల జీతం ఇచ్చే సంస్థ డీసీలో ఉంటే 2025 జులై 1 నుంచి కనీస వేతనం గంటకు 17.95 డాలర్లు. కాబట్టి ‘జీతం ఉందా?’ అని అడగడానికి మొహమాటం వద్దు. సేవ అన్న మాట చెప్పి అడగనివ్వకపోతే ఆ సంస్థ మీద మాకు గౌరవం తగ్గుతుంది.

మీరు అసలు చూసుకోవలసింది ఆర్థిక సహాయం. ఫెడరల్ సహాయం సాధారణంగా వెంట వస్తుంది, అయితే రెండు సంస్థల మధ్య కన్సార్షియం ఒప్పందం (వేరే చోట చదివే సెమిస్టర్‌కూ సహాయం అందేలా చేసుకునేది) కాగితం మీద ఉండాలి. కాలేజీ సొంతంగా ఇచ్చే స్కాలర్‌షిప్ చాలాచోట్ల క్యాంపస్ దాటగానే ఆగిపోతుంది. ‘ఫెడరల్, రాష్ట్ర, కాలేజీ సహాయాల్లో ఏది వస్తుంది, ఏది రాదు’ అని విడివిడిగా అడిగి రాతలో తీసుకోండి.

*ఆఫీసు బల్ల మీద బైబిల్ పెట్టుకోవచ్చా? ఫోన్లో ఏడుస్తున్న మనిషి కోసం ప్రార్థన చేయొచ్చా? ఆదివారం రమ్మంటే?*

ఫెడరల్ కార్యాలయాల్లో మతపరమైన వ్యక్తీకరణ మీద 1997 ఆగస్టులో వైట్‌హౌస్ ఇచ్చిన మార్గదర్శకాల్లో మొదటి ప్రశ్నకు నేరుగా జవాబుంది: సొంత బల్ల మీద బైబిల్ ఉంచుకోవచ్చు, విరామంలో చదువుకోవచ్చు. సహోద్యోగితో విశ్వాసం గురించి మాట్లాడొచ్చు, ‘ఇక చాలు’ అన్నాక మాత్రం ఆపాలి. ఇవి కార్యనిర్వాహక శాఖ కోసం ఇచ్చినవి. కాంగ్రెస్ ఆఫీసులో అధిపతి పెట్టిన పద్ధతి అడిగి తెలుసుకోవాలి.

ఫోనులో ప్రార్థన వద్దు. అవతలి మనిషి ప్రభుత్వానికి ఫోన్ చేశారు, మీ సంఘానికి కాదు. సహాయం అందాలంటే ప్రార్థనకు ఒప్పుకోవాలేమో అన్న అనుమానం ఆమెకు ఒక్క క్షణం కలిగినా అది బలవంతమే. ఫోను పెట్టేశాక మీ మనసులో చేసుకోండి, ఎవరూ ఆపరు.

ఆదివారం విషయంలో 2023లో సుప్రీంకోర్టు గ్రాఫ్ వర్సెస్ డిజాయ్ కేసులో, ఆదివారం పనిచేయనన్న తపాలా ఉద్యోగి వ్యవహారంలో, యజమాని వెసులుబాటు నిరాకరించాలంటే వ్యాపారానికి గణనీయమైన అదనపు భారం చూపాలని చెప్పింది. అది ఉద్యోగులకు వర్తించే చట్టం. జీతం లేని ఇంటర్న్‌కు అన్నిచోట్లా అదే రక్షణ ఉంటుందని అనుకోకండి. ఒప్పంద పత్రంలో పనిరోజులు ముందే రాయించుకుంటే గొడవే రాదు.

*క్రైస్తవ సంస్థ నడిపే షెల్టర్‌లో ఇంటర్న్‌షిప్. భోజనానికి ముందు బైబిల్ వాక్యం చెప్పమన్నారు. అది ప్రభుత్వ నిధులతో నడిచే షెల్టర్. సమస్య ఉందా?*

వాక్యం చెప్పడంలో లేదు, ఎప్పుడు, ఎక్కడ అన్నదాంట్లో ఉంది. ఫెడరల్ నిధులు నేరుగా అందుకునే కార్యక్రమంలో ఆరాధన, బోధ లాంటివి వేరే సమయంలోనో వేరే చోటో జరగాలి. వచ్చేవాళ్లు పాల్గొనాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. 2002 నాటి 13279 నంబరు కార్యనిర్వాహక ఉత్తర్వులో ఉన్న సూత్రం ఇదే. ప్రభుత్వ డబ్బుతో వండిన భోజనానికి ముందు, అదే గదిలో, తలుపు మూసి వాక్యం చెబితే తప్పు. భోజనం అయ్యాక పక్క గదిలో, ‘ఇష్టమున్నవాళ్లు రండి’ అని చెప్పి చేస్తే సమస్య లేదు. మీరు ఇంటర్న్ కాబట్టి వాదనకు దిగకండి. ‘ఈ భోజనానికి ఏ నిధి వాడుతున్నాం?’ అని సూపర్‌వైజర్‌ను అడగండి. చాలాసార్లు ఆ ప్రశ్నతోనే ఏర్పాటు మారుతుంది.

*నా రిఫ్లెక్షన్ పేపర్‌కు సి ఇచ్చారు. బైబిల్ వచనాలు బోలెడు రాశాను.*

బహుశా అందుకే. ‘ఈ వారం చాలా ఫోన్లు వచ్చాయి. మీకా 6:8 మనల్ని న్యాయంగా నడవమంటుంది. దేవుడు నన్ను వాడుకున్నాడు.’ ఇలా ఉంటే ఆ వచనం తీసేసినా పేపరు మారదు. వచనం తీసేస్తే పేపరు మారుతుందా అన్నదే ప్రొఫెసర్ చూసేది.

ఒక సంఘటన తీసుకోండి: అద్దె సహాయం కోసం ఫోన్ చేసిన వ్యక్తికి నిబంధన ప్రకారం అర్హత లేదని చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు అడగండి: ఆ నిబంధన ఎందుకుంది? ఎవరిని కాపాడుతుంది, ఎవరిని వదిలేస్తుంది? యిర్మీయా 29:7 తమను చెరగా తీసుకెళ్లిన ఊరి క్షేమం కోరమంటుంది, ఆ క్షేమం చూడాల్సింది ఇక్కడ కౌంటీయా, సంఘమా, ఇంటి యజమానా? మీ చర్చి సంప్రదాయం ఒకటి చెబితే, తరగతిలో చదివిన కాథలిక్ వాదన ఇంకొకటి చెబుతుందా? తేల్చలేకపోతే తేల్చలేదని రాయండి. ఒక వచనం చాలు. పని ముగిసిన రోజే పది నిమిషాలు కూర్చుని జరిగినదాన్ని పేర్లు లేకుండా రాసిపెట్టుకోండి. వారం చివర గుర్తు తెచ్చుకుని రాస్తే ‘చాలా ఫోన్లు వచ్చాయి’ దగ్గరే ఆగిపోతారు.

*మూడు వారాలైంది. నా సూపర్‌వైజర్ ఏ పనీ చెప్పడం లేదు. జెరాక్స్ తీస్తూ కూర్చున్నాను.*

మూడో వారంలో రాసి మంచి పని చేశారు, పదో వారమైతే చేయగలిగేది తక్కువ. సెమిస్టర్ మొదట్లో సంతకాలు చేసిన లెర్నింగ్ కాంట్రాక్ట్ తీయండి. అందులో ‘పరిశోధనలో సహాయం’ అని గాలిమాటగా రాసుంటే తప్పు సగం అక్కడే. దాన్ని ‘12వ వారానికల్లా ఒక పాలసీ మెమో, నాలుగు విచారణల నోట్లు’ అని మార్పించుకోవాలి. సూపర్‌వైజర్ దగ్గరకు ఫిర్యాదుతో కాకుండా ఒక ప్రతిపాదనతో వెళ్లండి: ‘ఈ విచారణకు వెళ్లి రేపటికల్లా ఒక పేజీ ఇస్తాను, చూస్తారా?’ బిజీగా ఉండేవాళ్లకు పని చెప్పడం కన్నా సరేననడం తేలిక. వారం గడిచినా కదలిక లేకపోతే మీ కార్యక్రమ సమన్వయకర్తకు చెప్పండి. మధ్య మూల్యాంకనం దాకా ఆగకండి.

*ఇల్లు ఎక్కడ చూసుకోవాలి?*

కార్యక్రమం వసతి ఇస్తే అదే మేలు. బయట చూసుకుంటే ఆఫీసు భవనం పేరు తెలిశాకే అద్దె మాట్లాడండి. ప్రతినిధుల సభ భవనాలు కానన్, లాంగ్‌వర్త్, రేబర్న్. వీటికి క్యాపిటల్ సౌత్ మెట్రో స్టేషన్ దగ్గర, అక్కడ ఆరెంజ్, బ్లూ, సిల్వర్ లైన్లు ఆగుతాయి. సెనేట్ భవనాలు రసెల్, డర్క్‌సెన్, హార్ట్. వీటికి రెడ్ లైన్ మీదున్న యూనియన్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు.